నీలిగుడ్ల పుంజు కేసు: తురాయి చూసి ఎంచితే రంగు ఎందుకు తప్పింది?

భీమవరం పక్క పల్లెలో చేపల చెరువు గట్టు మీద కోళ్ళు పెంచుకునే ఒక రైతు కేసు ఇది. ఆయనకి జీవనం చేపల మీద, సరదా కోళ్ళ మీద. పందేలకి దించే అలవాటు లేదు గానీ అసీల్ పెట్టలు తండ్రిగారి రోజుల నుంచి ఆ ఇంట్లో ఉన్నాయి. వాటితోపాటు కొన్ని గ్రామప్రియ పెట్టలు, లేయర్ ఫారంలో ముదిరిన బ్యాచ్ తీసేస్తుంటే చవగ్గా తెచ్చుకున్న తెల్లకోళ్ళు కొన్ని. ఈ మందలోకి 'బ్లూ ఎగ్ అమెరకానా' అంటూ ఒక జత వచ్చి చేరింది. దాని ఖరీదు నాకు చెప్పారు, ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర మాత్రం ఎత్తొద్దన్నారు.

ఆ జతలో పెట్ట నిజంగానే నీలం గుడ్లు పెట్టింది. ఇంటిల్లిపాదీ ఫోటోలు తీసుకున్నారు. పొదిగించేలోపే ఊరకుక్కలు దాన్ని పట్టుకుపోయాయి. మిగిలిన పుంజుని మందలోకి వదిలి, అసీల్ పెట్టల గుడ్లూ గ్రామప్రియల గుడ్లూ పొదగేశారు. ఆ పిల్లలు పెరిగి గుడ్లకొచ్చాక చూస్తే నీలం ఒక్కటీ లేదు. అసీల్ తల్లుల పిల్లల్లో కొన్ని లేత ఆకుపచ్చ పెట్టాయి, కొన్ని తల్లుల్లాగే మీగడ రంగు. గ్రామప్రియ పిల్లల్లో కొన్నిటివి చెరువు పాచి రంగు, కొన్నిటివి మామూలు గోధుమ రంగు. ఆకుపచ్చ గుడ్లు కుళ్ళిపోయాయనుకుని ఆ ఇంటి పెద్దావిడ కొన్నాళ్ళు పెంటకుప్పలో పారేయించారు కూడా.

రెండో తరంలో కుదురుతుందిలే అని, ఆ పిల్లల్లోంచి రెండు మూడు పుంజుల్ని ఎంచి మళ్ళీ అసీల్ పెట్టల మీదకి వదిలారు. ఎంపికకి అమ్మినాయన చెప్పిన గుర్తే ఆధారం. తురాయి పొట్టిగా తలకి అంటుకుపోయి మూడు వరసల బుడిపెలతో ఉంటే నీలం జన్యువు ఉన్నట్టేనట. ఈ రకం తురాయిని పీ కోంబ్ అంటారు. అన్నీ పీ కోంబ్ పుంజులే ఎంచినా, రెండో తరంలో ఆకుపచ్చ గుడ్లు పెరగడం మానేసి ఇంకా తగ్గిపోయాయి. అప్పుడు నాకు కబురు వచ్చింది.

"అమ్మినాయన మోసం చేశాడంటారా డాక్టరు గారూ? లేకపోతే మేతలో ఏమైనా తేడానాండీ? నీలం రావడానికి టానిక్ లాంటిదేమైనా ఉంటే రాసివ్వండి."

టానిక్ లేదు. మిగతా రెండు ప్రశ్నలకీ జవాబు కావాలంటే ముందు మందని చూడాలి.

మేత, మందు, జబ్బు

ఆయన కోళ్ళకి నీళ్ళ మీద పెరిగే అజొల్లా అనే మొక్కని మేతగా వేస్తారు. గుడ్లు ఆకుపచ్చగా రావడానికి అదే కారణమేమో అని ఆయన అనుమానం. అజొల్లా, మునగాకు, మొక్కజొన్న, బంతిపూలు, ఇవన్నీ సొన రంగు మారుస్తాయి, పెంకు రంగు జోలికి పోవు. అదే గట్టు మీద అదే అజొల్లా తిన్న ఫారం కోళ్ళు తెల్ల గుడ్లే పెడుతున్నాయి కదా అంటే ఒప్పుకున్నారు.

గ్రామప్రియల విషయంలో మాత్రం వేరే గొడవ కనిపించింది. వాటి గుడ్లు ఈమధ్య బాగా పాలిపోయాయి. గోధుమ రంగు పెంకు పాలిపోవడానికి జన్యువులు కాని కారణాలు చాలా ఉన్నాయి. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్, ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ లాంటి జబ్బులు, బెదురు, ఎండ, పెట్ట వయసు పెరిగి గుడ్డు పెద్దదవడం. ఇక్కడ ఇవేవీ కావు. పిల్లల కోసం తెచ్చిన బ్రాయిలర్ దాణా సంచిలో పెద్ద పెట్టలు కూడా మూతి పెడుతున్నాయి. సంచి మీద చిన్న అక్షరాల్లో నైకార్బజిన్ అని ఉంది. కోక్సిడియా అనే పేగు పరాన్నజీవికి వాడే ఆ మందు గోధుమ రంగు గుడ్లు పెట్టే కోడి కడుపులో పడితే పెంకు రంగు ఒకటి రెండు రోజుల్లోనే వెలవెలబోతుంది. పిల్లల మేతకి అడ్డంగా పెట్టలు దూరని గూడు కట్టించాక రంగు మళ్ళీ తిరిగొచ్చింది. ఇది పక్క విషయం. కానీ దీన్ని తీసెయ్యకుండా జన్యువుల లెక్క మొదలుపెడితే ప్రతి పాలిపోయిన గుడ్డూ తప్పుదారి పట్టిస్తుంది.

పెంకు పగలగొట్టి చూస్తే

కోడిగుడ్డు పెంకులో ముఖ్యమైన రంగులు రెండే. ఒకటి ప్రోటోపార్ఫిరిన్, ఇది గోధుమ రంగు. రెండోది బైలివర్డిన్, ఇది నీలి ఆకుపచ్చ. రెండూ రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌కి చుట్టాలే. హీమ్ తయారయ్యేటప్పుడు ఇనుము చేరడానికి ముందు మెట్టులో ఉండేది ప్రోటోపార్ఫిరిన్, హీమ్ విరిగినప్పుడు వచ్చేది బైలివర్డిన్. దెబ్బ తగిలి కమిలిన చోట కొన్ని రోజులకి కనిపించే ఆకుపచ్చ ఛాయ కూడా బైలివర్డినే.

పెంకు తయారవడానికి కోడి గర్భాశయంలో దాదాపు 20 గంటలు పడుతుంది. నీలం మొదటి నుంచీ సున్నంతో కలిసి పెంకు మందమంతా పట్టేస్తుంది. గోధుమ రంగు ఎక్కువ భాగం చివరి కొన్ని గంటల్లో పైపైన పడుతుంది. గోడకి వేసే సున్నంలోనే నీలిమందు కలిపెయ్యడానికీ, ఆరిన సున్నం మీద ఇంకో రంగు కోటింగ్ వెయ్యడానికీ ఉన్న తేడా ఇది.

ఈ తేడా తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. వాళ్ళ వంటింట్లోనే చూపించాను. గ్రామప్రియ గుడ్డు పగలగొట్టి, పెంకుని కుళాయి కింద కడిగి, లోపలి పల్చటి పొరని గోటితో అంచు లేపి లాగితే లోపలి వైపు దాదాపు తెల్లగా ఉంది. బయట ఇటుక రంగు, లోపల సున్నం. పాచి రంగు గుడ్డుని అలాగే చేస్తే లోపలి వైపు లేత నీలం. పొర ఒలవకుండా చూస్తే ఈ నీలం సరిగ్గా తెలియదు, అందుకే పొర తియ్యడం ముఖ్యం. తర్వాత అదే గుడ్డు ఇంకో పెంకు ముక్క మీద వెనిగర్‌లో ముంచిన గుడ్డతో రుద్దాను. పైనున్న గోధుమ పూత గుడ్డకి అంటుకుని, రుద్దిన చోట పాచి రంగు పోయి నీలం తేలింది. ఆయన ఆ ముక్కని చాలాసేపు వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. "అంటే నీలం ఉందన్నమాటేనండి, పైన ఇంకోటి పడింది."

అంతే. ఆకుపచ్చ గుడ్డు విఫలమైన నీలం గుడ్డు కాదు, గోధుమ పూత పడ్డ నీలం గుడ్డు. అసీల్ మీగడ రంగు పల్చటి పూత గనక లేత ఆకుపచ్చ వచ్చింది, గ్రామప్రియ పూత చిక్కన గనక పాచి రంగు వచ్చింది. స్వచ్ఛమైన నీలం కావాలంటే కింద తెల్ల పెంకు ఉండాలి. ఆ మందలో తెల్ల గుడ్లు పెట్టేవి ఫారం కోళ్ళు ఒక్కటే, వాటి గుడ్లు ఎవరూ పొదగెయ్యలేదు. ఫారం కోడి గుడ్డుని పొదగేసే ఆలోచన పల్లెల్లో ఎవరికొస్తుంది?

దొంగనోట్లు పట్టే యూవీ టార్చి దగ్గరుంటే చీకటి గదిలో గుడ్ల మీద వేసి చూడండి. ప్రోటోపార్ఫిరిన్ ఉన్న పెంకు ఎర్రగా మెరుస్తుంది. తెల్ల గుడ్డులో కూడా ఆ మెరుపు కాస్త కనిపిస్తుంది, ఎందుకంటే మనం తెల్లనివి అనుకునే పెంకుల్లోనూ దాని జాడ ఉంటుంది. పిల్లలకి చూపించడానికి బాగుంటుంది గానీ నీలం జన్యువు ఉందా లేదా తేల్చడానికి పెంకు లోపలి వైపే నమ్మకమైన గుర్తు.

ఒక జన్యువు, చాలా జన్యువులు

గోధుమ రంగుని నడిపేది ఒక జన్యువు కాదు, చాలా ఉన్నాయి, ఒక్కోటి కొంచెం కొంచెం. అందుకే చిక్కటి గోధుమ పెట్టనీ తెల్ల గుడ్ల జాతినీ కలిపితే పిల్లలు మధ్యస్థంగా పెడతాయి, మూడో తరం నాటికి రకరకాల ఛాయలు విడిపోతాయి. ఈ రంగుని పెంచాలన్నా తగ్గించాలన్నా తరాలు తరాలు ఎంపిక చెయ్యాల్సిందే. ఫ్రాన్స్ మారాన్ జాతి చాక్లెట్ రంగు గుడ్లు అలా వచ్చినవే.

నీలం కథ వేరు. అది ఒకే ఒక్క జన్యువు, దాన్ని 'ఓ' అక్షరంతో రాస్తారు. డామినెంట్, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వచ్చినా పెంకు నీలమవుతుంది. రెండు ప్రతులుంటే కాస్త చిక్కగా ఉంటుంది గానీ కంటికి తేడా ఎప్పుడూ తెలియదు. ఈ సంగతి 1933లో రాసినాయన కేంబ్రిడ్జికి చెందిన రెజినాల్డ్ పున్నెట్. ఇంటర్ బైపీసీలో గళ్ళు గీసి మార్కులు తెచ్చుకున్న పున్నెట్ స్క్వేర్ ఈయనదే. దక్షిణ అమెరికాలో చిలీ ప్రాంతపు మపుచే ప్రజల దగ్గరి కోళ్ళు ఈ గుడ్లకి పేరుపడ్డాయి. వాటి సంతతే అరౌకానా. దాన్నుంచి అమెరికాలో తయారైన జాతి అమెరకానా, 1984లో అక్కడి పౌల్ట్రీ అసోసియేషన్ ప్రమాణాల్లోకి ఎక్కింది. అమెరికాలో కూడా హ్యాచరీలు ఆ పేరుతో అమ్మే పిల్లల్లో చాలా మటుకు సంకరాలే. వాటిని అక్కడివాళ్ళే ఈస్టర్ ఎగ్గర్లు అంటారు. కాబట్టి మన దగ్గరికి మూడు చేతులు మారి వచ్చిన జత మీద జాతి పేరుని నేను పెద్దగా పట్టించుకోను.

అసలు కారణం 2013లో బయటపడింది. ఒకటో క్రోమోజోమ్ మీద ఎస్‌ఎల్‌సీఓ1బీ3 అనే జన్యువు ఉంది. నీలం గుడ్ల కోళ్ళలో ఆ జన్యువు ముందు భాగంలో ఒక పాత రెట్రోవైరస్ ముక్క దూరి కూర్చుంది. దాంతో మామూలుగా గర్భాశయంలో నిద్రపోయే జన్యువు అక్కడ పనిచెయ్యడం మొదలెట్టింది, బైలివర్డిన్ పెంకులోకి చేరింది. చైనాలో డాంగ్‌షియాంగ్, లూషీ కోళ్ళలోనూ ఇదే జరిగింది, కానీ అక్కడ వైరస్ ముక్క దూరిన చోటు కాస్త వేరు. అంటే భూమికి ఇటొకసారి అటొకసారి విడివిడిగా జరిగిన సంగతి. వైరస్ అనగానే ఆ ఇంట్లో అందరి మొహాలూ మారాయి. తినొచ్చా అని టెన్షన్. ఇది అంటుకునే వైరస్ కాదు, ఎప్పుడో తరతరాల కిందట డీఎన్‌ఏలో కలిసిపోయిన ముక్క. మన మనుషుల డీఎన్‌ఏలోనే ఇలాంటివి 8 శాతం దాకా ఉన్నాయి. పెద్దావిడ మాత్రం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఫారం కోడి గుడ్లే వండించుకున్నారు.

పోషకాల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెంకు రంగుని బట్టి గుడ్డులో బలం పెరగదు, తరగదు. కడక్‌నాథ్ నల్లకోడి నల్ల గుడ్డు పెడుతుందని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. అది పెట్టేది మీగడ, లేత గోధుమ రంగు గుడ్డే. నల్లటి గుడ్డు ఫోటో ఎవరైనా పంపితే అది ఈమూ గుడ్డేమో చూసుకోండి, ఒకప్పుడు మన జిల్లాల్లో ఈమూ ఫారాలు పెట్టి చేతులు కాల్చుకున్నవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. చెవి తమ్మె తెల్లగా ఉంటే తెల్ల గుడ్డు, ఎర్రగా ఉంటే గోధుమ గుడ్డు అనే సూత్రం కూడా కొన్ని జాతుల వరకే. నీలం గుడ్లు పెట్టే అమెరకానా తమ్మెలు ఎర్రవే. ఇక ఈకల రంగు, అంటే కాకి, డేగ, నెమలి, సేతువ అని మనం పిలుచుకునే లెక్కకీ పెంకుకీ ఏ సంబంధమూ లేదు.

పుంజుకి ఎన్ని ప్రతులు?

మొదటి తరంలో మీగడ, గోధుమ రంగు గుడ్లు పెట్టిన పెట్టలు ఉన్నాయి కదా, కేసంతా అక్కడుంది. పుంజుకి నీలం రెండు ప్రతులుంటే కూతుళ్ళు అన్నీ నీలమో ఆకుపచ్చో పెట్టాలి. సగం పెట్టలేదంటే రెండే దారులు. పుంజుకి ఒక్క ప్రతే ఉండాలి, లేదా ఆ పిల్లల తండ్రి ఈ పుంజే కాకపోవాలి.

రెండో అనుమానం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆ గట్టు మీద అప్పటికే ఒక ముసలి అసీల్ పుంజు ఉంది. పుంజుని మార్చినా పెట్ట శరీరంలో పాత పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే నిలవ ఉంటుంది. పెరటి కోళ్ళలో తండ్రి ఎవరో తెలియకుండా జన్యువుల గురించి మాట్లాడేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఇక్కడ ఒక ఆధారం దొరికింది. తెచ్చిన పుంజుకి బుగ్గల కింద గుబురు గడ్డం ఉంది. ఆ గడ్డం కూడా డామినెంట్ లక్షణమే, ఆ మందలో ఇంకే కోడికీ లేదు. కాబట్టి గడ్డం ఉన్న ప్రతి పిల్లా కచ్చితంగా ఈ పుంజు పిల్లే. ఇక ఏ పెట్ట ఏ గుడ్డు పెడుతోందో తెలియాలి. గడ్డం పెట్టల్ని తెల్లారకముందే ఒక్కోదాన్ని ఒక్కో గంప కింద మూయించి, గుడ్డు పెట్టాకే వదలమన్నాను. గంప మీద సుద్దతో గుర్తు, గుడ్డు మీద పెన్సిల్‌తో అదే గుర్తు. కొన్ని రోజులు ఇలా చేసేసరికి లెక్క తేలిపోయింది. గడ్డం ఉండి కూడా మీగడ రంగు గుడ్లు పెడుతున్న పెట్టలు బయటపడ్డాయి. తండ్రి ఈ పుంజే, దాని దగ్గర నీలం ఒక్క ప్రతే.

అమ్మినాయన మోసం చేశాడా అన్న ప్రశ్నకి నేను ఇచ్చిన జవాబు ఇది. చెయ్యకపోవచ్చు. నీలం డామినెంట్ కాబట్టి ఒక్క ప్రతి ఉన్న పెట్ట కూడా నీలం గుడ్డే పెడుతుంది. ఒక్కో ప్రతి ఉన్న పుంజూ పెట్టా కలిస్తే పుట్టేవాటిలో నాలుగోవంతుకి నీలం ఉండదు. వాటిలో పెట్టలు గుడ్డు పెట్టగానే దొరికిపోతాయి, పుంజులు దొరకవు. నీలం ఉన్నవాటిలో కూడా మూడింట రెండు వంతులకి ఒక్క ప్రతే ఉంటుంది. కాబట్టి ఇలాంటి పుంజుని కొనేటప్పుడు దాని తల్లి గుడ్డు ఫోటో చాలదు. దాని కూతుళ్ళ గుడ్లు చూపించమనాలి.

నిర్ధారణ కోసం, పనిలో పనిగా నీలం వరస మొదలుపెట్టడం కోసం, ఆ పుంజుని తెల్లకోళ్ళతో విడిగా కట్టించాం. ముందు మూడు వారాలు ఏ పుంజూ లేకుండా ఉంచి, ఆ తర్వాతే ఇది. తెల్లకోడి పొదగదు కాబట్టి గుడ్లు అసీల్ పెట్టల కింద పెట్టారు, పొదగడంలో వాటికి సాటి లేదు. పరీక్షకి తెల్లకోళ్ళే ఎందుకంటే వాటి పెంకు మీద పూత లేదు, నీలం జాడ కొంచెం ఉన్నా దాగదు. పుంజు దగ్గర రెండు ప్రతులున్నాయా ఒకటేనా తేల్చడానికి పెద్ద మంద కూడా అక్కర్లేదు. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న పుంజుకి వరసగా ఐదు కూతుళ్ళూ నీలమే పెట్టే అవకాశం 32లో 1, ఏడు కూతుళ్ళయితే 128లో 1. విదేశాల్లో దీనికి డీఎన్‌ఏ టెస్టు చేసే ల్యాబులున్నాయి గానీ, చెరువు గట్టు మీద ఉన్న మనిషికి కూతుళ్ళ గుడ్లే చవక.

ఆరు నెలలు ఆగాక అవి గుడ్లకొచ్చాయి. దాదాపు చెరి సగం, కొన్ని లేత నీలం, కొన్ని తెలుపు. ఆ గట్టు మీద మళ్ళీ నీలం గుడ్డు కనిపించింది ఇక్కడే.

తురాయి గుర్తు ఎందుకు మోసం చేసింది

అమ్మినాయన చెప్పిన గుర్తు గాలి మాట కాదు. పీ కోంబ్ జన్యువు, నీలం గుడ్డు జన్యువు రెండూ ఒకటో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. 1939లోనే బ్రక్‌నర్, హట్ ఈ సంబంధాన్ని చూపించారు. పక్కపక్కన ఉన్నవి తరం నుంచి తరానికి కలిసే వెళ్తాయి, నూటికి మూడు నుంచి ఐదు సార్లు మాత్రమే విడిపోతాయి. కాబట్టి సింగిల్ కోంబ్, అంటే ఒంటి వరస తురాయి ఉన్న కోళ్ళ మధ్యకి పీ కోంబ్ నీలం పుంజుని తెస్తే, ఆ గుర్తు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పున్నెట్, మైకేల్ పీజ్ కలిసి తయారుచేసిన క్రీమ్ లెగ్‌బార్ జాతిలో ఆ లంకె తెగింది, వాటికి పళ్ళు పళ్ళుగా నిలబడే సింగిల్ కోంబ్, గుడ్డు మాత్రం నీలం.

గోదావరి జిల్లాల్లో ఈ గుర్తుకున్న చిక్కు వేరే. మన అసీల్‌కి పుట్టుకతోనే పీ కోంబ్. దాని పక్కన నీలం లేదు. అసీల్ తల్లికీ గడ్డం పుంజుకీ పుట్టిన ప్రతి పిల్లకీ పీ కోంబే ఉంటుంది, నీలం వచ్చినా రాకపోయినా. అలాంటి పిల్లల్లోంచి తురాయి చూసి ఎంచడమంటే కళ్ళు మూసుకుని ఎంచడమే. లెక్క కూడా సరిగ్గా అలాగే వచ్చింది చూడండి. మొదటి తరంలో నీలం జన్యువు సగం పిల్లలకి అందింది. వాటిలో ఎంచిన పుంజులకి అది ఉండే అవకాశం సగం. ఉన్నా, అసీల్ పెట్టలతో కలిసినప్పుడు దాని పిల్లల్లో సగానికే అందుతుంది. సగంలో సగం, పావు. రెండో తరంలో ఆకుపచ్చ గుడ్లు తగ్గిపోయాయని ఆయన బెంగపెట్టుకున్నది దీనికే.

తెల్లకోళ్ళ పిల్లల్లో ఇంకో విషయం బయటపడింది, నాకు ఈ కేసులో బాగా నచ్చింది ఇదే. తెల్లకోళ్ళది సింగిల్ కోంబ్. మరి వాటి పిల్లల్లోనైనా తురాయి గుర్తు పనిచెయ్యాలి కదా? చెయ్యలేదు. నీలం పెట్టిన కూతుళ్ళకీ పీ కోంబే, తెల్ల గుడ్లు పెట్టిన కూతుళ్ళకీ పీ కోంబే. అంటే పుంజు జంట క్రోమోజోమ్‌లలో ఒకదాని మీద పీ కోంబ్, నీలం రెండూ ఉన్నాయి, రెండోదాని మీద పీ కోంబ్ మాత్రమే ఉంది. పై తరాల్లో ఎక్కడో వేరే పీ కోంబ్ కోడి కలిసింది, లేదా లంకె తెగింది. ఏదైనా ఒకటే, ఈ పుంజు పిల్లల్లో తురాయికి విలువ లేదు.

కానీ నీలం పెట్టిన కూతుళ్ళ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. వాటికి తండ్రి నుంచి వచ్చింది పీ కోంబ్, నీలం రెండూ ఉన్న క్రోమోజోమ్. తల్లి నుంచి వచ్చింది రెండూ లేనిది. వీటిని సింగిల్ కోంబ్ పుంజుతో కడితే, పీ కోంబ్‌తో పుట్టిన పిల్లకి నీలం ఉన్నట్టే, నూటికి ఆ మూడు నుంచి ఐదు మినహాయిస్తే. సింగిల్ కోంబ్ పిల్లకి లేనట్టే. గుడ్డు కోసం ఆరు నెలలు ఆగక్కర్లేదు. వారం పది రోజుల పిల్ల తల మీద వేలితో ఈకలు పక్కకి తీసి చూస్తే సన్నటి ఒంటి గీత నిలువుగా లేచి ఉంటుంది, లేదా గరుకుగా మూడు వరసలు చేతికి తగులుతాయి. మగపిల్లల్లో కూడా తెలుస్తుంది, మనకి కావాల్సింది అదే.

ఏం చేశాం

అసీల్ రూపం, నీలం గుడ్డు రెండూ ఒకే కోడిలో కావాలని ఆయన కోరిక. వద్దన్నాను. అసీల్ మీగడ పూతని దించడానికి చాలా తరాలు పడుతుంది, పైగా ఏడాదికి వంద గుడ్లు కూడా పెట్టని జాతి మీద గుడ్ల రంగు కోసం అంత శ్రమ ఎందుకు? అసీల్ పెట్టల్ని అసీల్‌గానే ఉండనివ్వండి, అన్ని జాతుల పిల్లల్నీ పొదిగేది అవే. ఆయన మొహం కాస్త మాడింది గానీ ఒప్పుకున్నారు.

నీలం వరసకి ఊళ్ళోనే ఒక సింగిల్ కోంబ్ నాటు పుంజుని వెతికాం. ఎంచింది ఒళ్ళు చూసి కాదు, దాని తల్లి గుడ్డు రంగు చూసి. ఎంత లేతగా ఉంటే అంత మంచిది. ఫారం తెల్లకోడి రక్తం సగమైనా తగ్గితే కాస్త చురుకుదనం, గద్ద కనిపిస్తే దాక్కునే తెలివి వస్తాయి. తెల్ల ఈకల కోడి చెరువు గట్టు మీద గద్దలకి దూరం నుంచే కనిపిస్తుంది. పిల్లల్లో సింగిల్ కోంబ్‌వి వచ్చినవి వచ్చినట్టు కూరకీ అమ్మకానికీ వెళ్ళాయి, మేత ఖర్చు సగానికి పడింది.

పీ కోంబ్ పెట్టపిల్లలు గుడ్లకొచ్చాక చాలా వరకు లేత నీలం, కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉన్న నీలం పెట్టాయి. ఆ ఛాయ నాటు పుంజు వైపు నుంచి వచ్చిన పూత. ఒక పీ కోంబ్ పెట్ట మాత్రం మీగడ రంగు పెట్టింది. లంకె తెగిన కోడి అన్నమాట. ఆయన కంగారుగా ఫోన్ చేశారు గానీ, ఆ మూడు నుంచి ఐదు శాతం గురించి ముందే చెప్పి ఉండటంతో నిమిషంలో తేలిపోయింది.

తర్వాతి అడుగు రెండు ప్రతులున్న పుంజుని తయారుచెయ్యడం. ఒక తల్లి కొడుకుల్ని ఇంకో తల్లి కూతుళ్ళతో కట్టాం, ఒకే తల్లి బిడ్డల్ని కలపలేదు. ఈ జతల పిల్లల్లో నాలుగోవంతుకి పీ కోంబ్ రెండు ప్రతులు, ఆ నాలుగోవంతులో దాదాపు అన్నిటికీ నీలం రెండు ప్రతులు ఉండాలి. రెండు ప్రతుల తురాయి సాధారణంగా ఇంకా పొట్టిగా, గట్టిగా తలకి అతుక్కుని ఉంటుంది. ఒక ప్రతిదైతే నడిమి వరస కాస్త ఎత్తుగా, వదులుగా. కంటితో చూసి ఎంచేది అంతవరకే, రుజువు మాత్రం పిల్లలదే. అనుమానించిన పుంజుని సింగిల్ కోంబ్ పెట్టలతో కట్టి, పుట్టిన పిల్లల తలలు చూస్తే చాలు. ఒక్క సింగిల్ కోంబ్ పిల్ల వచ్చినా ఆ పుంజు పనికిరాదు. ఏడు పిల్లలు వరసగా పీ కోంబ్ అయితే అనుమానం 128లో 1కి పడుతుంది. కూతుళ్ళ గుడ్ల కోసం ఆరు నెలలు పట్టే పరీక్ష ఇలా పొదుగు రోజులకి ఇంకో వారం కలిపితే అయిపోతుంది.

ప్రస్తుతం మూడు పుంజులు ఈ పరీక్షలో ఉన్నాయి. ఒకదానికి మొదటి ఈతలోనే సింగిల్ కోంబ్ పిల్లలు వచ్చాయి, దాన్ని తీసేశారు. మిగతా రెండిటి గుడ్లు ఇంకా అసీల్ పెట్టల కింద ఉన్నాయి. గ్రామప్రియల వైపు పాచి రంగు పెట్టలు మాత్రం ఏ మార్పూ లేకుండా విడిగా సాగుతున్నాయి. నీలం, పాచి, గోధుమ రంగుల గుడ్లు కలిపి ఒకే ట్రేలో పెడితే హైదరాబాద్‌లో ఆయన బంధువుల అపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగి మరీ తెప్పించుకుంటున్నారట. ట్రే మీద ఔషధ గుణాలు అని మాత్రం రాయొద్దని చెప్పాను.